ఒక్కో యాప్‌కు ఒక్కో లాగ్‌
రెజ్యూమెలో ‘జావా, టామ్‌క్యాట్‌’ అని రాశారు సరే. ఒకే సర్వర్‌లో మూడు యాప్‌లుంటే ఎర్రర్‌ దేనిదో ఎలా కనిపెడతారు? నా మొదటి ఉద్యోగంలో దీనికోసమే రాత్రంతా జాగారం చేశా. అన్ని యాప్‌ల ప్రింట్‌ లైన్లూ ‘కాటలీనా డాట్‌ అవుట్‌’లోనే కలిసిపోయాయి మరి!

మన కోనసీమ పొలాలకు బోదెల్లా, ప్రతి యాప్‌కూ సొంత దారి ఉండాలి. టామ్‌క్యాట్‌లోని ‘జూలి’ ఆ వీలు కల్పిస్తుంది. యాప్‌లోని ‘వెబ్‌-ఇన్ఫ్‌/క్లాసెస్‌’ ఫోల్డర్‌లో ‘లాగింగ్‌ డాట్‌ ప్రాపర్టీస్‌’ ఫైల్‌ పెట్టి, అందులో ఫైల్‌ హ్యాండ్లర్‌, లాగ్‌ పేరు, లెవెల్‌ రాయండి. అది లేకపోతే సర్వర్‌ ఉమ్మడి సెట్టింగులే వర్తిస్తాయి. కోడ్‌లో మాత్రం ప్రింట్‌ మానేసి లాగర్‌ వాడాలి.

నన్నడిగితే, కోడ్‌ రాయడం సగం పనే. ఎక్కడ చెడిందో చెప్పగలగడం మిగతా సగం. అమలాపురంలో చదువుతున్నా, రాజోలు, కొత్తపేటల్లో ఉన్నా, మరో సర్టిఫికెట్‌కు డబ్బు కట్టేముందు మీ ఫైనలియర్‌ ప్రాజెక్టులో ఇది చేసి చూడండి. ఇంటర్వ్యూలో చెప్పుకోడానికి మీదంటూ ఒక మాట ఉంటుంది.