పునాదులు తీయక ముందు

మూడు సంవత్సరాల క్రితం పెద్దపల్లి ప్రాంతంలోని మా మేనమామ గారి ఊరికి పోయినప్పుడు ఒక దృశ్యం చూడవలసి వచ్చినది. ఊరికి ఉత్తరాన చెలకలో పాడుబడిన కాపు ఇల్లొకటి ఉండేది. నాలుగు దిక్కుల మట్టి గోడలు, నడుమ వాకిలి, వెనుక మోటబావి. ఆ స్థలం ప్లాట్ల కింద అమ్ముడుపోగా జేసీబీ యంత్రం ఒక్క పూటలో దానిని నేలమట్టం చేసినది. వాకిలి అడుగున ఒక పాతర బయటపడినది. లంకె బిందెలన్న మాట క్షణాలలో ఊరంతా పాకి జనం పరుగున వచ్చినారు. తీరా చూస్తే అందులో ఉన్నవి మాడి నల్లబడిన గింజలు, కొన్ని కుండ పెంకులు, తుప్పుపట్టిన కొడవలి ముక్క ఒకటి. జనం నవ్వుకుంటూ వెళ్లిపోయినారు. సాయంత్రానికి పాతర పూడిపోయినది. “బంగారం దొరకకపోవుటే మేలు, దొరికితే ఊరు రెండయ్యేది” అన్నారు మా మామూ. ఆ మాటలో లోకజ్ఞానం ఉన్నది. కాని ఆ గింజలు పోవుట నాకు ఈనాటికీ బాధగానే ఉన్నది.

బంగారం ఒక యజమాని ఐశ్వర్యాన్ని మాత్రమే చెప్పగలదు. మాడిన గింజ ఒక ఊరి తిండిని చెప్పును. అది జొన్నయా, వరియా, పెసరయా అని తెలిసిన నాడు ఆ నేల తరియో ఖుష్కియో ఊహింపవచ్చును. బొగ్గుగా మారినందువలననే అది చెడిపోకుండా నిలిచినది. పరిశోధనశాలకు చేరినచో దాని కాలమును కూడా లెక్కగట్టగలరు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలుపవలసి ఉన్నది. పిడికెడు మాడిన గింజలకు ఆ పది రూపాయల వెల ఎవరు కడతారు?

మన ప్రాంతం ఈ విషయంలో పేదది కాదు. పెద్దపల్లికి సమీపంలోని పెద్దబంకూరులో 1960ల చివరి నుండి 1970ల నడిమి వరకు రాష్ట్ర పురావస్తు శాఖ త్రవ్వకాలు జరిపినది. డాక్టర్ వి.వి. కృష్ణశాస్త్రి గారి పేరు వాటితో ముడిపడి ఉన్నది. ఇరవై వేలకు మించి శాతవాహన నాణేలు దొరికినవని అందరూ చెప్పుకొందురు. నన్ను ఆకర్షించినవి మాత్రం అక్కడి ఇటుక గోడల ఆవరణలు, మురుగు కాలువలు, బావులు, కమ్మరి కొలిమి. అవి సామాన్యుని సంసారం. ధూళికట్టలోనూ అంతే. స్తూపాన్ని, నాగశిల్పాన్ని చూడ వచ్చినవారు కోటలోని ధాన్యాగారాలను అడుగరు. ఆ ధూళికట్ట ఉన్నది హుస్సేన్‌మియా వాగు ఒడ్డున. బౌద్ధ స్తూపం పక్కన పారే నీటికి ఒక మియాసాహెబు పేరు పెట్టుకొన్న నేల మనది!

ఇక కోటిలింగాల. గోదావరి తీరాన, 2016 జిల్లాల విభజన తర్వాత జగిత్యాల జిల్లాలో ఉన్నది. తొలి శాతవాహన రాజు సిముకుని నాణేలే గాక, అతనికి పూర్వులైన గోబద, నారన, సమగోప మొదలైన వారి నాణేలు కూడా ఇక్కడ లభించినవి. 1970ల చివరా 1980ల మొదటా జరిగిన త్రవ్వకాలు దిబ్బలో కొంత భాగాన్నే తాకినవి. 2004లో శంకుస్థాపన జరిగిన శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం ఇటు కరీంనగర్, అటు ఆదిలాబాద్ పాత జిల్లాల పల్లెలను ముంచినది. కోటిలింగాల ఆ నీటి అంచున నిలిచినది.

ఆ జలాశయం అనవసరమని నేననుట లేదు. దాని నీరు తాగే ఊళ్లు, తడిసే పొలాలు ఉన్నవి. ఇంకొక మాట: సజీవమైన ఇళ్లను వదిలి కన్నీటితో తరలిన కుటుంబాలను మరచి మృతమైన ఇళ్ల కోసం విలపించుట న్యాయం కాదు. నా వాదం కేవలం వరుస గురించినది. మొదట త్రవ్వకం, తర్వాత నీరు. మొదట కొలత, తర్వాత యంత్రం. నాగార్జునసాగర్ వద్ద ఇది జరిగినది. 1954 నుండి 1960 వరకు నాగార్జునకొండ లోయను త్రవ్వి, ముఖ్య కట్టడాలను కొండపైకి చేర్చినారు. నల్లగొండ వైపు ఒడ్డున ఏలేశ్వరాన్ని త్రవ్వినవారు మహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ గారు. ఈ పేరు మన విద్యార్థులలో ఎందరికి తెలియును? ఇంగ్లండులో 1990 నుండి, కట్టడం కట్టబోవువాడే ముందు త్రవ్వకపు ఖర్చు భరించు పద్ధతి స్థిరపడినది. అక్కడ పాత రైతు ఇంటి పునాదికి సైతం ఆ మర్యాద దక్కుచున్నది. మన 2010 చట్ట సవరణ రక్షిత కట్టడానికి నూరు మీటర్ల వరకు నిర్మాణాన్ని నిషేధించినది. జాబితాకెక్కని ఇంటికి మాత్రం నూరు అంగుళాల రక్షణ లేదు.

మన కళాశాలకు ఇందులో ప్రత్యేకమైన బాధ్యత కలదని నా అభిప్రాయం. నిజాం కాలపు భూమి రికార్డులు ఉర్దూలో ఉన్నవి. దర్గాల మీద, మసీదుల మీద పారసీ శాసనాలున్నవి. హైదరాబాదు పురావస్తు శాఖ తొలి డైరెక్టరు గులాం యాజ్దానీ గారు అట్టి శాసనాలను ప్రకటించుటకు ఎన్నో ఏండ్లు శ్రమించినారు. నేడు ఆ లిపి చదువగలవారు ఊరికొక్కరు దొరుకుట కష్టం. ఉర్దూ చదివే విద్యార్థి, తెలుగు చదివే విద్యార్థి ఒకే బెంచీపై కూర్చొను చోటు మనది.

కావున పాలక సమితి వారికి ఒక విన్నపం. చరిత్ర, ఉర్దూ, తెలుగు శాఖలకు కలిపి ఒక రిజిస్టరు, ఒక కొలత టేపు, సెలవు దినాలలో బస్సు చార్జీలు మంజూరు చేయవలెను. రాతి గుర్తులు పాతి ప్లాట్లు చేయబోయే చెలకలలోని పాత ఇళ్లు, బావులు, గోరీలు, పాతరలు మన విద్యార్థులు నమోదు చేయుదురు. త్రవ్వుట మన పని కాదు; అది శాఖ వారి పని, అనుమతి లేనిదే గునపం ఎత్తరాదు. మనం చూచినది వ్రాసి, ఫోటో తీసి, యంత్రం రాకముందే వారికి, తహసీల్దారుకు పంపవలెను. రిజిస్టరు మొదటి పుటలో వ్రాయవలసిన ఇంటి గోడల కొలతలు, అడుగుల లెక్కన, గుర్తున్నంత మేరకు నేనే ఇయ్యగలను.