తొట్టికీ ఒక మరవ కావాలి



యూనిట్ టెస్టు ముగిసిన రోజు ఎనిమిదో తరగతి పిల్లల్ని సరదాగా అడిగాను, మంచి మార్కులొస్తే ఇంట్లో ఏం అడుగుతారని. సైకిల్, బ్యాటు, ఫోను అన్నారు. నలుగురు మాత్రం "చేపల తొట్టి మేడమ్" అన్నారు. ఆ మాటకు నాకు గార్లదిన్నెలోని మా ఇంటి హాలు గుర్తొచ్చింది. అందుకే ఈ నెల మార్కుల సంగతి పక్కనపెట్టి, ఒక పైపు గురించి రాస్తున్నాను.

మా తమ్ముడు మోజుపడి మూడడుగుల తొట్టి తెచ్చాడు. ఇలాంటి పెద్ద తొట్లకు కింద స్టాండులో ఇంకో చిన్న తొట్టి ఉంటుంది, దాన్ని సంప్ అంటారు. పై తొట్టిలోని నీళ్లు పైపు ద్వారా సంప్‌లోకి దిగి శుభ్రపడతాయి. మోటరు వాటిని మళ్లీ పైకి పంపుతుంది. మా తొట్టికి రంధ్రం కొట్టకుండా, అంచుకు తగిలించే సైఫన్ బాక్సు బిగించారు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, గంట తర్వాత వచ్చింది. ఈలోగా సైఫన్ గొట్టంలోకి గాలి చేరి ధార తెగిపోయింది. మోటరుకు ఆ సంగతి ఏం తెలుసు? సంప్‌లోని నీళ్లను పైకి తోస్తూనే ఉంది. దిగే దారి లేక అవి అంచు పొర్లి హాలంతా పరుచుకున్నాయి. చాప మీద నిద్రపోతున్న అమ్మ తడి తగిలి లేచేసరికి, నేల మీది జంక్షన్ బాక్సు చుట్టూ నీళ్లు. పక్కింటి అన్న వచ్చి మెయిన్ ఆఫ్ చేసేదాకా అమ్మ కదలకుండా గోడకు ఆనుకొని నిలబడిందట. నేను బడి నుంచి వచ్చేసరికి నేల తుడుస్తూ, "చేపలు బాగానే ఉన్నాయిలే" అంది.

ఆ పూటే నేను క్లాసులో ద్రవాల పీడనం పాఠం చెప్పి వచ్చాను. బొమ్మ గీయించాను, మార్కులు వేశాను. ఇంట్లో అదే పాఠం కళ్ల ముందు ఉంటే చదవలేకపోయాను. తప్పు షాపువాళ్లదే అనుకుంటే మనసుకు హాయిగా ఉంటుంది. కానీ కొనేటప్పుడు మేము అడిగింది ధర, లైటు, చేపల రంగు. నీళ్లు ఎక్కువైతే ఎటు పోతాయని ఒక్కరమూ అడగలేదు.

మన పెద్దలు మాత్రం అడిగారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ మనది. ఇక్కడ ఎప్పుడూ నీళ్లు రావేమోననే భయం. అయినా చెరువు కట్టినవాళ్లు కట్టతో పాటు మరవ కూడా కట్టారు. పెనకచెర్ల డ్యామ్‌కు గేట్లు ఉన్నదీ అందుకే. పక్కనున్న బుక్కరాయసముద్రం చెరువు తెగబోతే ఊరిని కాపాడటానికి ముసలమ్మ ప్రాణమిచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటాం. కట్టమంచి రామలింగారెడ్డి గారు ఆ కథనే కావ్యంగా రాశారు. ఎక్కువైన నీటికి దారి చూపకపోతే ఏమవుతుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు?

ఆ తర్వాత నేను నేర్చుకున్నవి నాలుగు మాటలు.

ఒకటి, దిగే దారులు రెండు ఉండాలి. తొట్టికి ముందే రంధ్రాలు కొట్టించి ట్యాంక్ నిపిల్స్ బిగించడం మేలు. టఫెన్డ్ గ్లాసుకు మాత్రం రంధ్రం కొట్టకూడదు, పగిలిపోతుంది. ఒక పైపు రోజూ పనిచేస్తుంది. రెండోది దానికంటే కాస్త పైన, తొట్టి అంచుకంటే కింద, ఎప్పుడూ పొడిగా ఉంటుంది. మొదటిదాంట్లో ఆకో నత్తో అడ్డుపడితే రెండోది కాపాడుతుంది. దానికి వాల్వు పెట్టకండి. మోటరు పంపే నీళ్లన్నీ అది ఒక్కటే దించగలగాలి. పైపుల నోటికి జాలీ మరవకండి.

రెండు, కరెంటు పోయినప్పుడు దిగే నీళ్లకు సంప్‌లో చోటుండాలి. మోటరు ఆగగానే, నీళ్లు పైకెక్కిన పైపులోంచే వెనక్కి దిగుతాయి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న తొట్టిలో మట్టం ఒక్క సెంటీమీటరు తగ్గితే సుమారు 4 లీటర్లు. పైపు మూతి 5 సెంటీమీటర్ల లోతున ఉంటే 20 లీటర్లు, అంటే ఒక పెద్ద బకెట్. కాబట్టి మూతిని నీటిమట్టానికి కొంచెం కిందే ఉంచండి. నాన్ రిటర్న్ వాల్వు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పాచి చేరితే సరిగా మూసుకోదు.

మూడు, సంప్‌లో మోటరు తోడగలిగే నీళ్లన్నీ పైకి వెళ్లినా పై తొట్టి పొర్లకూడదు. మా ఇంట్లో తప్పింది ఈ లెక్కే.

నాలుగు, ప్లగ్గు నేల మీద ఉండకూడదు, తొట్టి కింద అసలే ఉండకూడదు. గోడ మీద, నీటిమట్టం కంటే ఎత్తులో ఉండాలి. వైరు కాస్త కిందికి వేలాడి ప్లగ్గుకు ఎక్కాలి. అప్పుడు వైరు వెంట జారిన చుక్క ఆ వంపులోనే రాలిపోతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. సంప్ లేని చిన్న తొట్టికైనా ఈ నాలుగో మాట వర్తిస్తుంది.

ఇవన్నీ అయ్యాక, చేపలు వేయకముందే పరీక్ష పెట్టండి. మోటరు ఆపి సంప్ పొర్లుతుందేమో చూడండి. మళ్లీ వేసి, మొదటి పైపుకు బయటినుంచి మూత పెట్టి రెండోది నీళ్లు దించుతోందా చూడండి. స్విచ్ దగ్గర మీరుండండి, స్కేలూ పెన్సిలూ పిల్లలకివ్వండి.

ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే ఊళ్లున్న జిల్లాలో చేపల తొట్టి ఎందుకని మీరు అడగొచ్చు. సరైన ప్రశ్నే. తొట్టిలోంచి మార్చిన నీళ్లు, మందూ ఉప్పూ కలపకపోతే, మొక్కలకు మంచి ఎరువు. వృథా అయ్యేది హాల్లో పొర్లిన నీరే.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పిల్లలు తొట్టి అడిగితే కాదనకండి, వెంటనే కొనీయకండి. "నీళ్లు ఎక్కువైతే ఎటు పోతాయో, కరెంటు పోతే ఎక్కడ ఆగుతాయో బొమ్మ గీసి చూపించు" అనండి. ఆ బొమ్మ సరిగ్గా వచ్చిన రోజు షాపుకు వెళ్లండి. అర్థం కాకపోతే నా దగ్గరికి పంపండి, ఇద్దరం కలిసి గీస్తాం. దానికి మార్కులు ఉండవు.

మా ఇంట్లో సైఫన్ బాక్సు తీసేసి, రంధ్రాలున్న తొట్టి పెట్టుకున్నాం. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అమ్మ వెళ్లి రెండో పైపు చూసి వస్తుంది. పొడిగా ఉంటే మళ్లీ చాప మీద పడుకుంటుంది.

– మీ పిల్లల ఫిజికల్ సైన్స్ టీచర్