పాట ఎవరి పక్షాన నిలిచింది?

పాశ్చాత్య దేశాల యువజన సంగీతం ప్రసక్తి రాగానే మన సంఘాల సభ్యులలో కొందరు పెదవి విరుస్తారు. అది మత్తు, విచ్చలవిడితనం, వ్యాపారం తప్ప మరేమీ కాదని త్రోసిపుచ్చుతారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని అదే సంపూర్ణ సత్యమని మేము అంగీకరించలేము. 1976లో లండన్ నగరంలో పుట్టిన ‘ది క్లాష్’ అనే పంక్ రాక్ బృందం చరిత్రను ఇందుకు నిదర్శనంగా పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఆనాటి బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య పది లక్షలు దాటింది. ప్రభుత్వం అంతర్జాతీయ ద్రవ్యనిధి వద్ద అప్పు చేసి, ఆ షరతులకు తలవంచి ప్రజావసరాల వ్యయంలో కోత విధించింది. చదువు ముగించిన యువకులకు పని దొరకలేదు. వారి అసంతృప్తిని ‘నేషనల్ ఫ్రంట్’ అనే జాత్యహంకార పార్టీ వలస వచ్చిన ప్రజలపైకి మళ్ళించజూచింది. 1976 జూన్‌లో సౌతాల్‌లో గురుదీప్ సింగ్ చగ్గర్ అనే యువకుడు హత్యకు గురయ్యాడు. ఆగస్టులో ప్రఖ్యాత గిటార్ వాద్యకారుడు ఎరిక్ క్లాప్టన్ బర్మింగ్‌హామ్ వేదికపై నుండి వలసదారులకు వ్యతిరేకంగా మాట్లాడాడు. దీనికి సమాధానంగా ‘రాక్ ఎగెనెస్ట్ రేసిజం’ అనే ఉద్యమం వెలిసింది.

మన తపాలా సోదరులు ఒక విషయాన్ని ప్రత్యేకించి గమనించవలెను. అదే ఆగస్టులో, లండన్ నగరంలో, గ్రన్‌విక్ అనే ఫోటో ఫిల్ములు కడిగే సంస్థలో జయాబెన్ దేశాయ్ నాయకత్వాన భారత సంతతి మహిళలు సంఘం గుర్తింపు కోసం సమ్మెకు దిగారు. ఆ సంస్థ వ్యాపారమంతా టపా మీదనే నడిచేది. క్రికిల్‌వుడ్ తపాలా కార్మికులు సస్పెన్షన్లను సైతం లెక్కచేయక ఆ టపాను ముట్టుకోలేదు. 1978లో ఆ సమ్మె విజయం సాధించకుండానే ముగిసినా, రంగును బట్టి కాక శ్రమను బట్టి మనిషిని గుర్తించే సంప్రదాయాన్ని అది నిలబెట్టింది. క్లాష్ బృందానికి ఈ సమ్మెతో సంబంధం ఉన్నదని మేము చెప్పడం లేదు. వారి పాటలు ఏ గాలి పీల్చి పెరిగాయో తెలియడానికే దీనిని ప్రస్తావించాము.

పంక్ సంగీతానికి ఖరీదైన వాద్యాలు, ఏళ్ళ తరబడి సాధన అవసరం లేదు. చిన్న పాట, వేగం, కోపం – ఇవే దాని పెట్టుబడి. బృందంలో ముఖ్యులు గాయకుడు జో స్ట్రమ్మర్, గిటార్ వాద్యకారుడు మిక్ జోన్స్, బేస్ వాయించిన పాల్ సైమనన్. తరువాత డ్రమ్ముల వద్ద టాపర్ హెడన్ చేరాడు. జమైకా రెగ్గే సంగీతాన్ని తెల్లజాతి యువకుల పాటలో కలిపి వారు శ్రోతలను నల్లజాతి పొరుగువారికి దగ్గర చేశారు.

వారిపై విమర్శలు కూడా ఉన్నవి. స్ట్రమ్మర్ కార్మిక కుటుంబీకుడు కాడు. లక్నోలో జన్మించిన ఒక బ్రిటిష్ దౌత్యోద్యోగి కుమారుడు, బోర్డింగు పాఠశాలలో చదివినవాడు. పెట్టుబడిని ఎండగట్టిన ఆ బృందమే 1977 జనవరిలో లక్ష పౌన్లకు సి.బి.యస్. అనే బడా రికార్డు కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ఈ వైరుధ్యాన్ని కప్పిపుచ్చవలసిన పని లేదు. అయితే 1979లో ‘లండన్ కాలింగ్’ పేర రెండు రికార్డులను ఒక రికార్డు ధరకే ఇప్పించిందీ వారే. 1980లో ‘శాండినిస్టా’ పేరిట మూడు రికార్డులను చౌకగా అమ్మించేందుకు తమ రాయల్టీలలో కొంత వదులుకున్నదీ వారే.

1978 ఏప్రిల్ 30న ట్రఫాల్గర్ స్క్వేర్ నుండి విక్టోరియా పార్కు వరకు జాత్యహంకార వ్యతిరేక ప్రదర్శన సాగింది. పార్కులో వేలాది జనం ఎదుట ఇతర బృందాలతోపాటు క్లాష్ కూడా పాడింది. ఆ జనంలో నిలబడిన ఇరవై ఏళ్ళ యువకుడు బిల్లీ బ్రాగ్ ఆనాడే తనకు రాజకీయ స్పృహ కలిగిందని తరువాత చెప్పుకున్నాడు. 1984–85లో గని కార్మికుల సమ్మె సహాయార్థం ఊరూరా పాడినవారిలో ఆయన ఒకడు.

ఐక్యత గురించి పాడిన ఆ బృందం మాత్రం తన ఐక్యతను కాపాడుకోలేకపోయింది. 1982లో హెడన్, 1983లో జోన్స్ ఉద్వాసనకు గురయ్యారు. మిగిలినవారు 1984 డిసెంబరులో గని కార్మికుల కోసం బ్రిక్స్‌టన్‌లో పాడారు గాని, 1986 నాటికి బృందం అంతరించింది. అటుపై వ్యాపారం తన పని చేసింది. 1991లో వారి పాట ఒకటి జీన్స్ ప్యాంట్ల ప్రకటనకెక్కి బ్రిటన్‌లో ప్రథమ స్థానం పొందింది. వారి పాటలలో ఆ స్థానం దక్కినది అదొక్కటే. ఆ ఏడే గల్ఫ్ యుద్ధంలో అమెరికా సైనికుల రేడియో వారి మరొక పాటను మోగించింది.

ఇక పాట మార్కెట్టు సొత్తయినట్లేనా? కాదని 2002 నవంబరు 15 రాత్రి తేలింది. వేతనాల కోసం సమ్మె చేస్తున్న అగ్నిమాపక సిబ్బంది సహాయార్థం లండన్‌లోని ఆక్టన్ టౌన్‌హాలులో స్ట్రమ్మర్ పాడుతున్నాడు. శ్రోతలలో ఉన్న మిక్ జోన్స్ లేచి వేదికనెక్కి గిటారు అందుకున్నాడు. 1983 తరువాత వారిరువురు ఒకే వేదికపై నిలవడం అదే మొదలు. మరి ఐదు వారాలకే, డిసెంబరు 22న, స్ట్రమ్మర్ యాభయ్యవ ఏట కన్నుమూశాడు.

పందొమ్మిదేళ్ళుగా ఒకే వేదికపై నిలవని ఇద్దరిని తిరిగి ఒకే వేదికపైకి చేర్చినది సమ్మెలో ఉన్న కార్మికుల సభ. ఆ హాలు నుండి మేము గ్రహించిన పాఠం ఇది: రికార్డును కంపెనీ అమ్ముకోగలదు, ప్రకటనకర్త కొనుక్కోగలడు; కష్టకాలంలో గాయకుడు ఎవరి ప్రక్కన నిలిచాడన్న చరిత్రను మాత్రం ఎవరూ కొనలేరు. మన యువ సభ్యులు పాడే పాట మనకు కొత్తగా, కర్ణకఠోరంగా తోచవచ్చు. దాని శబ్దాన్ని చూచి తలుపు మూయరాదు. అది ఎవరి పక్షాన పాడుతున్నదో విని, ఆ తరువాతనే తీర్పు చెప్పవలెను.