ముసుగు లేని ఉద్యోగం

రైల్లో మొదటిసారి మా వైపు వచ్చే చుట్టాలు తప్పకుండా ఒక పొరపాటు చేస్తారు. 'ఆసిఫాబాద్ రోడ్' స్టేషన్‌లో దిగి ఊరేదని అడుగుతారు. ఊరు అక్కడుండదు, ఊరికి పోయే రోడ్డుంటుంది. పేరు పెట్టినవాళ్లు నిజాయితీపరులు, రోడ్డును రోడ్డనే అన్నారు. ఈ వారం బస్టాండు గోడ మీద చూసిన పోస్టరుకు ఆమాత్రం నిజాయితీ కూడా లేదు. 'ఆరు నెలల్లో సైబర్ ఫోరెన్సిక్ నిపుణులు కండి' అట! కింద ముసుగేసుకున్న కుర్రాడి బొమ్మ, వాడి వెనక ఆకుపచ్చ అంకెల వాన.

ఆ పోస్టరును ఫోన్లో ఫొటో తీసుకుంటున్న డిగ్రీ పిల్లవాడు నన్ను చూసి, "సార్, గిది నేర్చుకుంటే నౌకరి వస్తదా?" అన్నాడు. పత్తి అమ్మిన పైసలు ఫీజు కోసమని వాళ్ల నాయిన పక్కన పెట్టిండట. అక్కడ నాకు జవాబు తోచలేదు. ఇంటికొచ్చాక కోపమొచ్చింది.

ముందు ఆ ముసుగు సంగతి. డిజిటల్ ఫోరెన్సిక్స్ చేసేవాడికి ముసుగు పనికిరాదు. కోర్టులో బోనెక్కి, ప్రమాణం చేసి, ఎదుటి వకీలు వేసే నూరు ప్రశ్నలకు నిలబడాల్సిన కొలువది. పట్టుకున్న ఫోనుకు సిగ్నల్ అందకుండా చూడాలి, లేకపోతే ఎక్కడో కూర్చున్నవాడు దాన్ని తుడిచేయగలడు. హార్డ్‌డిస్క్‌లో ఒక్క అక్షరమైనా కొత్తగా పడకుండా అడ్డుకునే పరికరం పెట్టి నకలు తీయాలి. ఆ తర్వాత పనంతా నకలు మీదే. అసలూ నకలూ ఒకటేనని చెప్పే గుర్తు పేరు హ్యాష్. జిన్నింగ్ మిల్లు కాడ కాంటా చీటీ రాశాక బోరెంలోంచి నాలుగు గుప్పెళ్ల పత్తి తీస్తే మళ్లీ తూచినప్పుడు దొరికిపోతారు. హ్యాష్ కూడా కాంటా చీటీయే. కాకపోతే గుప్పెడు అక్కర్లేదు, ఒక్క గింజ తీసినా చీటీ మొత్తం మారిపోతుంది. ఇదంతా చేస్తూ, ఏ నిమిషాన ఏం చేశామో రాసి పెట్టుకోవాలి. ఈ పనికి హ్యాకర్ తెలివి కంటే పాత పట్వారీ ఓపిక ఎక్కువ కావాలి.

కొలువులు లేవా అంటే, వాటి అవసరాన్ని చట్టమే పుట్టించింది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ చూడండి. పాత సాక్ష్య చట్టంలోని 65బీ స్థానంలో వచ్చింది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే ధ్రువపత్రంలో ఇప్పుడు రెండు భాగాలు. మొదటిది సాక్ష్యం ఇచ్చేవారు నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి, హ్యాష్ విలువతో సహా. ఆ రోజే అమల్లోకొచ్చిన నాగరిక్ సురక్షా సంహితలోని 176వ సెక్షన్ ఇంకో మాట చెప్పింది. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లాలి. ఇందుకు రాష్ట్రాలకిచ్చిన గడువు ఐదేళ్లు. తిర్యాణి గుట్టల్లో నేరం జరిగితే అక్కడికి చేరాల్సిన ఆ నిపుణుడు ఇప్పుడే ఏదో కాలేజీలో చదువుతుండాలి. ఏ కాలేజీలో?

గాంధీనగర్‌లో ఉంది జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ. 2020లో పార్లమెంటు చట్టంతో జాతీయ హోదా పొందింది, డిజిటల్ ఫోరెన్సిక్స్‌లో ఎమ్మెస్సీ చెబుతుంది. ఈ పనిని దగ్గరలో చూడాలంటే హైదరాబాదు. రామంతాపూర్‌లో కేంద్ర ప్రయోగశాల, రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ప్రయోగశాల. కాగజ్‌నగర్‌లో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పోవచ్చు. కానీ పోయి ఎక్కడుండాలి, ఏం తినాలి?

మా పిల్లల చదువుకు సర్కారు దగ్గర డబ్బు లేదంటారేమో. 2024లో సైబర్ మోసాల్లో జనం పోగొట్టుకున్నది 22,845 కోట్ల రూపాయలని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. దేశమంతటా ఫోరెన్సిక్ వసతులు పెంచడానికి అదే ఏడాది జూన్‌లో కేబినెట్ ఒప్పుకున్న పథకం 2,254 కోట్లు. పోయినదాంట్లో పదో వంతు! అదీ ఐదేళ్లకు పంచుకోవాలి.

మా పిల్లలకు సీట్లు దయతలచి ఇమ్మని అడగడం లేదు. ఈ పనికి వాళ్లే కావాలి. కెరమెరిలోనో జైనూరులోనో ఒక ఫోను పట్టుకుంటే అందులో ఏముంటుంది? రాసిన మాటలు తక్కువ, వాయిస్ మెసేజ్‌లు ఎక్కువ. అవి గోండిలో, కొలామీలో, లంబాడీలో, సరిహద్దు ఊళ్లలోనైతే మరాఠీలో. గుంజాల గోండి లిపి 2018లోనే యూనికోడ్‌లో చేరింది. కంప్యూటరుకు ఆ అక్షరాలు తెలుసు, ప్రయోగశాలలో కూర్చున్నవాడికి తెలియాలి కదా! గోండిలో అన్న వేళాకోళానికీ బెదిరింపుకూ తేడా గాంధీనగర్‌లో ఎవరు చెబుతారు? ఆశ్రమ పాఠశాలలో చదివిన అమ్మాయి చెబుతుంది.

ఇక నేను ఎప్పుడూ అనే మాట, విసుక్కున్నా సరే మళ్లీ అంటాను. మనకు సాక్ష్యం మీద మోజు లేదు, తుపాకీ మీద ఉంది. 2019 నవంబరు 24న మా లింగాపూర్ మండలంలో ఊరూరా తిరిగి చిన్న సరుకులమ్ముకునే ఒక మహిళపై అత్యాచారం చేసి చంపారు. పోలీసులు ఆమెకు సమత అని పేరు పెట్టారు. మూడు రోజులకు శంషాబాద్ దగ్గర, దిశ అని పేరు పెట్టిన యువతిపై అదే ఘోరం. డిసెంబరు 6న అక్కడ నలుగురు నిందితులను ఎన్‌కౌంటర్ చేస్తే జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ ఎన్‌కౌంటర్ కట్టుకథ అని 2022లో సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. సమత కేసులో తుపాకీ పేలలేదు. సాక్షులొచ్చారు, ఫోరెన్సిక్ నివేదికలొచ్చాయి, రెండు నెలలు దాటిన కొద్ది రోజులకే, 2020 జనవరి 30న ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు ముగ్గురు నిందితులనూ దోషులని తేల్చి మరణశిక్ష వేసింది. ఉరిశిక్ష మీద నాకు వేరే అభిప్రాయముంది, అది ఇంకో వారం. కానీ ఆ రోజు ఏ ప్రయోగశాల ముందైనా ఒక్క పువ్వు పడిందా? పూలు ఎటు పడతాయో పిల్లలు చూస్తారు. పోస్టరు వేసేవాడు కూడా చూస్తాడు, అందుకే వాడు తెల్లకోటు బొమ్మ మానేసి ముసుగు బొమ్మ వేస్తాడు.

బస్టాండు కాడ చెప్పలేని జవాబు, బిడ్డా, ఇప్పుడు చెబుతున్నా. నౌకరి సంగతి నేను మాటివ్వలేను, ఆ పోస్టరూ ఇవ్వలేదు. ఆటాప్సీ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం. నీ పాత పెన్‌డ్రైవ్‌లోంచి చెరిపేసిన ఫొటోలను దానితో వెతుకు. దొరికినవి, దొరకనివి కాయితం మీద టైముతో రాసిపెట్టు. నెల రోజులకు విసుగు రాకపోతే నువ్వు ఈ పనికి పనికొస్తావు, ఎంట్రన్సులకు చదువు. అప్పటిదాకా మీ నాయిన పైసలు బ్యాంకులోనే ఉండనీ. ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పొద్దను.