బధిర శిశువునకు ముందు భాష కావలెను

ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలలో పొద్దస్తమానము యంత్రముల రొదలో పనిచేసి ఇల్లుచేరు తల్లిదండ్రులు, పిలిచినను తిరిగి చూడని బిడ్డను గూర్చి కలతపడినప్పుడు, "మేనమామకును మాటలు ఆలస్యముగనే వచ్చినవి" అని పెద్దలు ఓదార్చుటయు, ఆ ఓదార్పులోనే రెండుమూడేండ్లు గడచిపోవుటయు మన ఇండ్లలో తరచుగా జరుగుచున్నది. ఆ ఏండ్లలో బిడ్డ పోగొట్టుకొనునది శబ్దమొక్కటే కాదు.

ఎదుటివాని తలంపు తన తలంపుకంటె వేరుగా ఉండవచ్చునను ఎరుక వినగల పిల్లలకు నాలుగైదేండ్ల ప్రాయమున కలుగును. బధిర బాలలలో అనేకులకు అది చాల ఆలస్యమగుచున్నదని 1995లో ఆస్ట్రేలియాలో పీటర్సన్, సీగల్ అను మనస్తత్త్వవేత్తలు చూపిరి. అయితే బధిరులైన తల్లిదండ్రుల ఒడిలో సైగభాషతో పెరిగిన బధిర శిశువులు ఇందులో వెనుకబడుట లేదని తరువాతి పరిశోధనలు తేల్చినవి. మనస్సును కుంటుపరచునది చెవుడు కాదు, సంభాషణాభావమని దీనివలన స్పష్టమగుచున్నది. ఉదయపు షిఫ్టునకు పోవు తల్లి సాయంకాలము తిరిగి వచ్చునని తెలుపువారు లేక, ఎందుకు విడిచిపోయినదో అడుగుటకు మాట లేక నేలబడి ఏడ్చు బిడ్డకు మొండివాడని పేరు పెట్టుట ఘోరమైన అన్యాయము.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము మూలముగా పేద బిడ్డలకును కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స అందుబాటులోనికి వచ్చుట నిస్సంశయముగా శ్లాఘనీయము. కాని ఆ చికిత్స జరుగువరకును, జరిగిన పిమ్మట ఏండ్ల శిక్షణతో మాట స్ఫుటపడువరకును, ఆ శిశువు ఏ భాషలో ఆలోచింపవలెను? చేతులాడనిచ్చిన నోట మాట రాదను భయము 1880 నాటి మిలాన్ బధిరవిద్యా మహాసభ బడులనుండి సైగభాషను వెడలగొట్టిన నాటిది. ఆ తీర్మానమునకు 2010లో వాంకూవర్‌లో కూడిన బధిరవిద్యా మహాసభయే విచారము ప్రకటించినది. మన తల్లిదండ్రులకు ఆ భయమును ఇంకను నూరిపోయుటను మేము ఖండించుచున్నాము. ఇంప్లాంటును సైగభాషయు ఒకే బిడ్డకు ఒకేసారి ఇయ్యవలెను.

మేనరికపు కుటుంబములలో వంశపారంపర్య బధిరత హెచ్చని తెలిసినదే. జన్యురోగముల నిర్ణయమునకు పేరుపడిన సి.డి.ఎఫ్.డి. సంస్థ ఉప్పల్‌లోనే కలదు. అట్టి చోట, సర్కారుదైనను ప్రైవేటుదైనను, ఏ ప్రసూతి ఆస్పత్రినుండియు చెవి పరీక్ష కాని శిశువు ఇంటికి పోరాదు. మొదటి నెలలో పరీక్ష, మూడవ నెలకు నిర్ధారణ, ఆరవ నెలకు సాయము అను క్రమమును ప్రభుత్వము శాసనముగా చేయవలెను.

అంతటితో చాలదు. ఉప్పల్, నాచారం అంగన్‌వాడీలలో, షిఫ్టు ముగిసిన పిమ్మట తలిదండ్రులు రాగల వేళలందు, అమ్మమ్మ తాతయ్యలకును కలిపి సైగభాష నేర్పవలెను. నేర్పువారు బధిరులే కావలెను. ఎదిగి, ఉద్యోగము చేయుచు, నవ్వుచు నిలుచున్న బధిరుని చూచినప్పుడుగదా తమ బిడ్డ భవిష్యత్తు ఆ తల్లిదండ్రుల ఊహకు అందును! ఆ బధిర బోధకులకు శిక్షణ నిచ్చు బాధ్యతను సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ వాక్శ్రవణ వైకల్య సంస్థ ప్రాంతీయ కేంద్రమునకు అప్పగించి, ఆ బోధకులకు గౌరవ భృతి కాక పూర్తి వేతనమును రానున్న బడ్జెటులోనే కేటాయింపవలెను.