డౌట్ తెలుగులో అడిగితే తప్పేంటి?

పోయిన సెమ్‌లో నాకు డేటా స్ట్రక్చర్స్ పోయింది. నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. లింక్డ్ లిస్ట్ డెఫినిషన్ నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాణ్ణి. ప్రోగ్రామ్ రాయమంటే మాత్రం పెన్ను కదల్లేదు.

పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన మా రూమ్మేట్ పాసయ్యాడు. వాడే నాకు చెప్పాడు: "ఒక్కో రూమ్ తలుపు మీద తర్వాతి రూమ్ నంబర్ రాసుందనుకోరా. మధ్యలో ఒక రూమ్ తీసెయ్యాలంటే, దాని మీదున్న నంబర్ ముందు రూమ్ తలుపు మీద రాశాకే తియ్యి. లేదంటే వెనకాలోళ్ళంతా గల్లంతే." పది నిమిషాలు పట్టింది, అంతే.

అలాంటివాడు ల్యాబ్‌లో నోరెత్తడు. ఇంగ్లీష్‌లో తప్పొస్తే నవ్వుతారని భయం. (ఫస్టియర్‌లో నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నా.) పరీక్షకీ ప్లేస్‌మెంట్లకీ ఇంగ్లీష్ కావాల్సిందే, ఒప్పుకుంటా. కానీ డౌట్ కూడా ఇంగ్లీష్‌లోనే ఎందుకు రావాలి? మన బ్యాచ్‌లో తెలుగు రానివాళ్ళుంటే వాళ్ళకి మళ్ళీ ఇంగ్లీష్‌లో చెప్పడానికి మాలాంటోళ్ళం ఉన్నాం కదా!

ఈ సెమ్‌లో సప్లీకి ఫీజు కట్టాను. రాత్రి మెస్ నుంచి వచ్చాక వాడు నాకు పాఠం చెప్తాడు, నేను వాడితో ఇంటర్వ్యూ ఇంగ్లీష్ మాట్లాడిస్తా. ప్రస్తుతం ట్రీస్ దగ్గరున్నాం. అమ్మకి మాత్రం బ్యాక్‌లాగ్ సంగతి ఇంకా చెప్పలేదు. ఈ ఆదివారం ఫోన్‌లో చెప్పాలి.