తల్లిపేరు దాల్చిన విద్వాంసుడు



ఇంటిలోనివారు గతించినప్పుడు దుఃఖించుట లోకసహజము. కాని మన గడప యెన్నడును త్రొక్కనివాడు, మన పేరైన నెఱుగనివాడు మరణించెనని విని యొక స్త్రీ కంటతడి పెట్టినచో చుట్టునున్నవారు నవ్వుదురు. "ఆయన నీకేమగును?" అని యడుగుదురు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకై యీ మాసము స్పెయిను దేశపు గిటారు విద్వాంసు డొకని వృత్తాంతమును మీ ముందుంచుచున్నాను.

2014వ సంవత్సరము ఫిబ్రవరి 25వ తేదీన పాకో దె లూసియా యను విద్వాంసుడు మెక్సికో దేశమున ప్లాయా దెల్ కార్మెన్ అను సముద్రతీరపు టూర గుండెపోటుచే మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 66 ఏండ్లు. దేహమును స్వదేశమునకు దెచ్చి, 28వ తేదీన రాజధానియగు మాడ్రిడ్‌లోని జాతీయ సంగీతశాలలో ప్రజల దర్శనార్థ ముంచిరి. మఱునాడు, మార్చి 1వ తేదీన, ఆయన పుట్టిన ఆల్హెసీరాస్ అను రేవుపట్టణమున ఖననము జరిగెను. వేలకొలది జనులు వీధులలో నిలిచి సాగనంపిరి. వారిలో ననేకు లాయనతో ఒక్క మాటయైన మాటలాడి యెఱుగరు.

ఆ జనులు పలికిన పేరును గూర్చి ముందుగా చెప్పవలయును. ఆయన అసలు పేరు ఫ్రాన్సిస్కో సాంచెస్ గోమెస్. ఆ దేశమున ఫ్రాన్సిస్కోలను ముద్దుగా పాకో యని పిలుతురు. మన పల్లెలలో వీధికొక సుబ్బన్న యున్నట్లు ఆ వీధిలో పాకోలు పెక్కుమంది. అందుచే ఏ పాకోయో తెలియుటకు తల్లిపేరు చేర్చి పిలిచెడివారు. ఈ బాలుని తల్లి లూసియా, పోర్చుగలునుండి వచ్చిన యామె. లూసియాగారి పాకో యని ఇరుగుపొరుగువారు పిలిచిన పిలుపే పాకో దె లూసియా. పెరిగి పెద్దవాడై కచేరీలు చేయునాడు ఆయన ఆ పిలుపునే తన పేరుగా నుంచుకొనెను. మన దేశమును పూర్వ మేలిన శాతవాహనులును గౌతమీపుత్రుడని, వాసిష్ఠీపుత్రుడని తల్లిపేరుతో శాసనములు వేయించుకొన్నారు. రాజులకు తగిన గౌరవ మొక బీదయింటి యిల్లాలికి ఆమె కుమారునివలన లభించెను.

అది నిజముగా బీదయిల్లే. అయిదుగురు బిడ్డలలో పాకో కడగొట్టువాడు. తండ్రి పగలు బట్టలమ్మి, రాత్రులు సారాయి దుకాణములలో గిటారు వాయించి కుటుంబమును పోషించెడివాడు. డబ్బులేక పిల్లవాని బడి చిన్ననాడే మాన్పించెను. గిటారు చేతికిచ్చి గంటలకొలది సాధన చేయించెను. ఆ కష్టమే ఆయనను విద్వాంసుని చేసినది. ఆ కష్టమే ఆయన ఆటపాటల వయస్సును హరించినది. మన బిడ్డల నట్లు నిర్బంధింపవలయునని నేను చెప్పను. విద్య యొక్క వెల యెంతయో తెలియవలయునని మాత్రమే చెప్పుచున్నాను.

ఆయన వాయించిన సంగీతమునకు ఫ్లమెంకో యని పేరు. అది స్పెయిను దక్షిణభాగమగు ఆందలూసియా ప్రాంతపు విద్య. జిప్సీజాతివారు దానిని ప్రాణపదముగా కాపాడుకొనుచు వచ్చిరి. అందు పాటయు నాట్యమును ప్రధానములు. గిటారు వానికి తోడు. ఆ తోడువాద్యమును పాకో స్వతంత్రముగా నిలిపెను. 1973లో వెలువడిన ఆయన వాయిద్యము "ఎంత్రె దోస్ ఆగువాస్" సామాన్యుల యిండ్లకు గూడ చేరెను. 1980లో శాన్ ఫ్రాన్సిస్కోలో జాన్ మెక్లాఫ్లిన్, ఆల్ డి మియోలా యనువారితో కలిసి కచేరీ చేసెను. వారిద్దఱును చిన్న బిళ్ళతో తీగలు మీటగా, ఈయన వట్టి వ్రేళ్ళతోనే ఆ వేగము నందుకొనెను. పెరూ దేశమున చూచిన కహోన్ అను చెక్కపెట్టెవాద్యమును తన బృందమునకు దెచ్చెను. నేడది లేని ఫ్లమెంకో బృందము అరుదు. కాలిపై కాలు వేసికొని గిటారును తొడపై అడ్డముగా నుంచుకొను ఆయన కూర్చుండు తీరును గూడ పిన్నవారు నేర్చుకొన్నారు.

తానును ఒకప్పు డట్లే దుఃఖించెను. కమరోన్ దె లా ఇస్లా యను గాయకునికి ఆయన యౌవనమునుండి వాద్యసహకార మిచ్చెను. 1992 జూలై 2వ తేదీన కమరోన్ 41వ యేట కాన్సరు వ్యాధిచే మరణింపగా, పాకో కొంతకాలము కచేరీలు మానుకొనెను. పిమ్మట మరల గిటారు పట్టెను. 1998లో వెలువరించిన సంగీతసంపుటమునకు "లూసియా" అని తల్లిపేరు పెట్టెను. అందే యొక వాయిద్యమునకు కమరోన్ పేరు పెట్టెను. తల్లికిని మిత్రునికిని ఆయన ఆచరించిన స్మరణ మది.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. "ఆయన మీకేమగును?" అని ఆ వీధులలో నిలిచినవారి నడిగియుండిన నేమి చెప్పియుందురు? ఒకరు తమ పెండ్లినాడు ఆ గిటారు వినిరి. మఱొకరు పరదేశములో కూలిపని చేయుచు ఆ నాదమువలన ఊరిని తలచుకొనిరి. మఱొకరు బిడ్డకు గిటారు నేర్పించుచు ఆయననే ఆదర్శముగా చూపిరి. మన సుఖదుఃఖములలో ఎవని నాదము కలిసిపోయెనో వాడు మనకు పరాయివాడు కాడు. వానికై వచ్చు కన్నీరు వెఱ్ఱితనము కాదు, అది కృతజ్ఞత.

అయితే కన్నీటితోనే ఋణము తీరదు. మన యిండ్లలో పెండ్లికి ముందు నేర్చిన వీణ గోడమూలను దుమ్ముపట్టి యుండుట మన మెఱుగనిదా? సంగీతవిద్వాంసుడు పోయినాడని దుఃఖించిన దినముననే ఆ దుమ్ము దులిపి, తీగలు సవరించి, బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. చేయి తిరుగకున్నను దోషము లేదు. విద్వాంసుల కథలలో గురువుపేరు వచ్చును, తండ్రిపేరు వచ్చును. వంటయింటనుండి వినుచుండిన తల్లిపేరు తఱచుగా రాదు. ఆల్హెసీరాస్ వీధులలో మాత్రము ఆనాడు కుమారుని పేరు పలికిన ప్రతినోటను తల్లిపేరును పలికెను.